చాంచల్యము మాటున
(సమితి వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను కాను. చదివినది బి.ఏ., చేయునది దస్త్రముల పని. ఒక బాలుని తండ్రిగా ఆలస్యముగా నేర్చుకొన్న సంగతి యొకటి మనవి చేయుటకు మాత్రమే ఈ వేదిక నెక్కితిని.

మా రెండవవాడు కుదురు లేనివాడు. బడిలో బల్లపై కూర్చుండడు, ఇంట కంచము ముందు కూర్చుండడు. ఎనిమిదవ యేట వైద్యులు చూచి ఏ.డి.హెచ్.డి., అనగా ఏకాగ్రతా లోపముతో కూడిన అతి చాంచల్యమని నిర్ణయించిరి. పేరు దొరకినందుకు మాకు ఊరట కలిగినది. అటుపిమ్మట వాడేమి చేసినను ఆ పేరు క్రిందనే జమకట్టితిమి. సోమవారము ఉదయము కడుపునొప్పి యనిన బడి ఎగవేయుటకనుకొంటిమి. రాత్రి నిద్ర రాకున్న మందు ప్రభావమనుకొంటిమి. దస్త్రము అట్టమీది విషయము మాత్రము చదివి, లోని కాగితములు తిప్పకయే సంతకము చేయువారిని మనము ఆక్షేపింతుము గదా! ఇంట నేను చేసినది అదియే.

ఏడాదిన్నర తరువాత వేరొక వైద్యురాలు మమ్ములను వెలుపల కూర్చుండుమని వానితో ఒంటరిగా మాటాడిరి. వానికి భయము పట్టియున్నది. తరగతిలో లేచి చదువుమందురేమో యని భయము. అక్షరములను కూడబలుకుకొనుటలోనే వేరొక ఇబ్బంది కలదని తదుపరి పరీక్షలలో తేలినది. ఇంట తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు. భాషల కలగాపులగమే కారణమని మేము అంతవరకు సరిపెట్టుకొంటిమి.

ఇది మా యింటి వింత కాదు. అమెరికాలో 1999లో ఫలితములు వెలువడిన ఒక పెద్ద అధ్యయనములో 579 మంది పిల్లలుండగా, ఈ రుగ్మత ఒక్కటియే కలవారు సుమారు మూడింట ఒక వంతు. తక్కినవారికి ఆందోళన, ఎదిరింపు మొదలైనవి తోడుగా నుండెను. అచ్చటి శిశువైద్యుల సంఘము 2019 నాటి సూచనలలో, ఈ పిల్లలను పరీక్షించునప్పుడే ఆందోళన, విషాదము, అభ్యాస వైకల్యము, ఆటిజము, నిద్రలో ఊపిరి ఆటంకము వంటివానిని గూడ వెదకవలెనని చెప్పినది. విచిత్రమేమనగా, 2013 వరకు ఒకే బిడ్డకు ఆటిజమును, ఏ.డి.హెచ్.డి.ని కలిపి నిర్ణయించుటకు అమెరికా మానసిక వైద్యుల రోగ సూచికయే అంగీకరింపలేదు.

వాండర్‌బిల్ట్ ప్రశ్నావళి యని యొకటి కలదు. తల్లిదండ్రులు నింపు ప్రతిలో 55 ప్రశ్నలు. అందు భయ విచారములను గూర్చినవి ఏడు. ఆ ఏడింటికిని నేను వరుసగా 'ఎన్నడును లేదు' అని గుర్తు పెట్టితిని. బిడ్డ దుడుకువాడని ఒప్పుకొనుటకు తండ్రికి నామర్దా లేదు. దిగులుపడుచున్నాడని వ్రాయుటకు చేయి రాదు. కావున బిడ్డను గూడ అడుగవలెను. ఇది జల్లెడ పట్టుట మాత్రమే, రోగ నిర్ణయము కాదు. జల్లెడలో నిలిచినదానిని నిపుణులు పరిశీలింపవలెను. ఒక్క పర్యాయముతో తీరునది గూడ కాదు. ఎనిమిదేండ్లకు లేని విషాదము పదునాలుగేండ్లకు తలయెత్తవచ్చును.

ఎవరిని అడుగవలెనో తోచనివారికి 14416 అను టెలీ మానస్ సంఖ్య 2022 అక్టోబరు నుండి ఉన్నది. తెలుగులోను మాటాడవచ్చును, రుసుము లేదు.

మావాడు ఇప్పుడు వారమునకు రెండు దినములు ప్రత్యేకముగా చదువు నేర్పు ఉపాధ్యాయురాలి యొద్దకు పోవుచున్నాడు. సోమవారపు కడుపునొప్పి చాలవరకు తగ్గినది. కంచము ముందు మాత్రము ఇంకను కూర్చుండడు.