పాత కవరు పారేస్తున్నారా?

పండగకి అటక దులిపేటప్పుడు పాత ఉత్తరాల కట్ట దొరికిందనుకోండి, ఏం చేస్తాం? పిల్లవాడు అడిగాడని స్టాంపు చింపి ఇచ్చి, కవరు చెత్తబుట్టలో వేస్తాం. కాస్త ఆగండమ్మా!

మన బహదూర్‌పల్లి, మేడ్చల్ వైపంతా ఒకప్పుడు నిజాం రాజ్యం. ఆ రాజ్యానికి సొంత తపాలా బిళ్ళలు 1869లో వచ్చాయి, 1950 దాకా నడిచాయి. 1871 నాటి బిళ్ళ మీద ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు మన తెలుగు అక్షరాలూ ఉన్నాయి! 1931లో అణా బిళ్ళ మీద చార్మినారు, నాలుగణాల బిళ్ళ మీద ఉస్మాన్‌సాగరు అచ్చువేశారు. అవి సంస్థానం లోపలే చెల్లేవి. మద్రాసుకి ఉత్తరం వెయ్యాలంటే బ్రిటిషిండియా బిళ్ళ అంటించాల్సిందే.

దేశంలో తపాలా ఎలా పెరిగిందో జెఫ్రీ క్లార్క్ 1921లో, ముల్క్‌రాజ్ ఆనంద్ 1954లో పుస్తకాలు రాశారు. లైబ్రరీలో దొరికితే తప్పక చదవండి. కానీ మీ అత్తగారికి పుట్టింటి ఉత్తరం ఏ ఊరినుంచి, ఏ తేదీన బయల్దేరిందో ఏ పుస్తకంలోనూ ఉండదు. అది కవరు మీది తపాలా ముద్రలోనే ఉంటుంది. బిళ్ళ ఊడదీస్తే ఆ ముద్ర సగం పోతుంది.

అందుకని కవరును కవరుగానే, తడి తగలని చోట దాచండి. ఎవరు ఎవరికి రాశారో పెద్దవాళ్ళుండగానే అడిగి, వేరే కాగితం మీద రాసిపెట్టండి. రేపు మనవలు అడిగితే చెప్పడానికి మనకో కథ ఉండాలి కదా!