వంటశాలలో గ్యాసు: వెలిగించుట, ఆర్పుట
(సంఘ వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యనుగూర్చియు, వివాహవ్యయమునుగూర్చియు, విద్యార్థి వసతిగృహ నిధినిగూర్చియు పెద్దలు విపులముగా ప్రసంగించిరి. మాకు నియమింపబడిన విషయము వానిముందు మిక్కిలి చిన్నదిగా తోచవచ్చును. పొయ్యి వెలిగించుటకును ఆర్పుటకును ఉపన్యాసమేల యని కొందఱు నవ్వుకొనుట మేము గమనింపకపోలేదు. అయినను మనలో ననేక కుటుంబములు వంటవలన బ్రదుకుచున్నవి. పెండ్లివంటలు గుత్తకు పట్టువారును, ఫలహారశాలలు నడపువారును, మిఠాయిలు చేయువారును మనలో నెందఱో కలరు. గాడిపొయ్యియొద్ద మన తాతలు నేర్చిన జాగ్రత్త గ్యాసుపొయ్యికి చాలదు. కట్టె కంటికి కనబడును. పొగ ముందుగా హెచ్చరించును. నీళ్లు చల్లిన నిప్పు చచ్చును. గ్యాసునకు ఈ మర్యాదలేవియు లేవు.

వ్యాపారమునకు వచ్చు 19 కిలోల సిలిండరులో నుండునది ముఖ్యముగా ప్రొపేను, బ్యూటేను అను వాయువుల మిశ్రమము; ఒత్తిడిచే ద్రవమైనది. ఒక లీటరు ద్రవము బయటపడినచో సుమారు 250 లీటర్ల వాయువగును. గాలిలో నూటికి రెండుపాళ్లు కలిసినంతనే అంటుకొనుటకు సిద్ధముగా నుండును. గాలికంటె బరువైనది గావున పైకి పోక నేలవెంట ప్రాకి గుంటలలోను, మురుగుకాలువలలోను నిలుచును. దీనికి సహజముగా వాసన లేదు. మనల నెచ్చరించుటకై మెర్కాప్టను అను దుర్వాసనద్రవ్యమును కలుపుదురు. కాని ఇంగువ తాలింపు ఘాటులో ఆ వాసన ఎవరికి తెలియును? కావున ఉదయము వంటశాల తలుపులు తెఱచిన వెంటనే, ఏ దీపపు స్విచ్చియు వేయకమునుపే, వంగి నేలదగ్గఱ వాసన చూడవలెను. వాసన తగిలినచో స్విచ్చి వేయరాదు, వేసియున్నదానిని తీయనురాదు. తలుపులు బార్లా తెఱచి, సిలిండరు వాల్వు కట్టి, అందఱను వెలుపలికి పంపి, 1906 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఆ ఫోనును వెలుపలనుండియే చేయవలెను. నగరములలో గొట్టములద్వారా వచ్చు సహజవాయువు మాత్రము గాలికంటె తేలిక. అది కప్పునంటి నిలుచును. అట్టి వంటశాలకు పైభాగమున గవాక్షములుండవలెను.

ఇక వెలిగించుట. పొయ్యి నాబులన్నియు కట్టియున్నవని చేతితో తాకి చూచిన పిదపనే సిలిండరు వాల్వును మెల్లగా తెఱువవలెను. తరువాత నిప్పు ముందు, గ్యాసు వెనుక. పొడవైన లైటరుతోనో కాగడాతోనో మంటను బర్నరుచెంత నుంచి, అప్పుడు నాబును కొంచెముగా త్రిప్పవలెను. గ్యాసు విడిచి అగ్గిపెట్టెకై జేబులు తడుముకొనుట మనవారిలో మిక్కిలి సామాన్యము. ముఖమును పొయ్యిపై వంచరాదు. మొదటిసారి అంటుకొననిచో కట్టివేసి అయిదు నిమిషములు ఊరకుండవలెను. అతిథులు పంక్తులలో కూర్చుండియున్నప్పుడు అయిదు నిమిషములు ఒక యుగమని మేమెఱుగుదుము, అయినను ఆగవలసినదే. ఓవెను తలుపు తెఱచియే వెలిగింపవలెను, మూసిన పెట్టెలో గ్యాసు నిండుటకు ఎంతోసేపు పట్టదు. కొన్ని పొయ్యిలలో చిన్న పైలటుమంట కలదు. నాబును కొంతసేపు నొక్కి పట్టినగాని అది నిలువదు. మంట ఆరిన గ్యాసును తానే ఆపు సాధనము వేడెక్కుటకే ఆ జాగు. దానిని సహింపలేక నాబును తీగెతో బిగించి కట్టువారు తమ కావలివానిని తామే కట్టిపడవేయుచున్నారు.

మంట నీలముగా నుండవలెను. పసుపుమంట గుండిగకు మసి పూయును, మూసిన గదిలో విషవాయువును పుట్టించును. బర్నరుపై గాక లోపలి గొట్టములో గుర్రుమని మండినచో వెంటనే కట్టి, చల్లారనిచ్చి మరల వెలిగింపవలెను.

వెలిగించుటయందు అందఱకును కొంత భయము కలదు. ఆర్పుటయందు ఎవరికిని లేదు. అసలు అపాయము అచ్చటనే. పెండ్లివంట ముగియునప్పటికి రాత్రి రెండుజాములు దాటును. పెద్దవంటవాడు తాంబూలము పుచ్చుకొని వెడలిపోవును. అంట్లు కడుగు కుఱ్ఱవాడు నిద్రమత్తులో నాబులు త్రిప్పి పోవును; సిలిండరు తెఱచియే యుండును. తెల్లవారువఱకు గొట్టమంతయు ఒత్తిడితో నిండియుండును. ఎలుక కొఱికినను, అదుకు వదలినను తెలిసికొనువారుండరు. క్రమమిది: ఒక్క బర్నరు మినహా తక్కినవన్నియు కట్టవలెను. ఆ బర్నరు మండుచుండగనే సిలిండరు వాల్వు కట్టవలెను. గొట్టములోని గ్యాసు కాలిపోయి మంట తనంతట ఆరును. అప్పుడు నాబు కట్టవలెను. పలు సిలిండర్లు కూర్చినచోట ప్రతి వాల్వును కట్టవలెను. గంజి పొంగి మంట ఆరినను గ్యాసు ఆరదని కుఱ్ఱవానికి చెప్పినవారెవరు? కూలియిచ్చుచున్నాము గాని విద్య నిచ్చుటలేదు.

మఱియొక దురాచారము. వంట జోరుగా సాగునప్పుడు సిలిండరు చల్లబడి చెమర్చును, ఒక్కొక్కప్పుడు మంచు పట్టును. ద్రవము ఆవిరియగుటకు తన వేడినే వాడుకొనుట ఇందుకు కారణము. మంట తగ్గినదని దానిని మరగు నీటితొట్టిలో నుంచుదురు, అడ్డముగా పండవేయుదురు. పండవేసినచో ఆవిరికి బదులు ద్రవమే బర్నరునకు పోయి మంట ఆళ్లెత్తున లేచును. రెండుమూడు సిలిండర్లను తగిన అమరికతో కలిపినచో ఒక్కొక్కదానిపై భారము తగ్గును. ఆ ఖర్చును గుత్తలోనే చేర్చి అడుగుటకు సిగ్గుపడనక్కఱలేదు.

2022 డిసెంబరు 8వ తేదీన రాజస్థానమందు జోధపురము జిల్లా భుంగ్రా గ్రామమున ఒక పెండ్లియింట సిలిండరునుండి వెలువడిన గ్యాసు అంటుకొని, ఆనాడును తరువాతి దినములలోను ముప్పదిమందికి పైగా మరణించిరి. అది వంటవాని వార్త మాత్రమే కాదు. చనిపోయినవారు చుట్టములు, స్త్రీలు, పిల్లలు.

కావున మా ప్రార్థన యిది. మన వసతిగృహ వంటశాలకు గోడ యావల విద్యార్థులు నిద్రించుచున్నారు. అచ్చట రాత్రి చివరగా వెడలువాని పేరు, సిలిండరు కట్టిన వేళ వ్రాయుటకొక పుస్తకము పెట్టవలెను. గొట్టములను సబ్బునీటితో నెలకొకసారి పరీక్షింపవలెను. సిలిండర్లను నిలువుగా, గాలి యాడుచోట, వెలుపల నుంచవలెను. తీర్మానప్రతిని కార్యదర్శిగారి కందజేసితిమి. భోజనానంతరము పందిరివెనుక మూడు బర్నరుల పొయ్యి యొకటి సిద్ధముగా నుండును. వంటవారు తమ సహాయకులనుగూడ వెంటబెట్టుకొని వచ్చినచో, వారిచేతనే వెలిగింపించి వారిచేతనే ఆర్పింతుము.