అలెగ్జాండ్రియా గ్రంథాలయం: సాక్షి చెప్పినదంతా విందాం



అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని హజ్రత్ ఉమర్ (రజి) తగులబెట్టించారన్న మాటను మన పిల్లలు కళాశాలల్లో విని వస్తున్నారు. ఖురాన్‌తో ఏకీభవించే గ్రంథాలు అనవసరమనీ, విభేదించేవి హానికరమనీ ఖలీఫా ఉత్తరం రాశారట. సేనాని అమ్ర్ ఇబ్నుల్ ఆస్ వాటిని స్నానశాలలకు పంచితే ఆరు నెలలపాటు నీళ్లు కాగాయట. విన్న పిల్లవాడు కోపగించుకుంటాడు, లేదా తల దించుకుంటాడు.

నేను చరిత్రకారుణ్ణి కాను. కచేరీలో దస్త్రాలు చూసి పదవీ విరమణ పొందినవాణ్ణి. ఏ వాంగ్మూలమైనా ఎప్పుడు నమోదైందో ముందు చూడడం మాకు అలవాటు. అలెగ్జాండ్రియాలో అరబ్బులు ప్రవేశించింది 642లో. ఈ కథ లిఖితరూపంలో కనిపించేది 1200 ప్రాంతంలో, అబ్దుల్లతీఫ్ బగ్దాదీ రచనలో. 1248లో మరణించిన ఇబ్నుల్ ఖిఫ్తీ దానిని విస్తరించాడు. నడుమ ఐదున్నర శతాబ్దాల మౌనం! కథలో ఆ గ్రంథాలను కోరిన పండితుడు జాన్ ఫిలోపోనస్, 529లోనే ప్రోక్లస్‌ను ఖండిస్తూ గ్రంథం రాసినవాడు. 642 నాటికి ఆయన వయసెంతో మీరే లెక్కించండి.

ఇది ఇస్లాం ద్వేషులు అల్లిన కథ అని మనవాళ్లు వేదికలపై అంటూ ఉంటారు. అది సరికాదు. పైన చెప్పిన రచయితలిద్దరూ ముస్లింలే. సిరియా క్రైస్తవ మతాచార్యుడు బార్ హెబ్రియస్ దానిని తన చరిత్రలో చేర్చాడు. 1663లో పొకాక్ లాటిన్ అనువాదంతో అది ఐరోపాలో వ్యాపించింది. దానిని శంకించిన గిబ్బన్, 1902లో క్షుణ్ణంగా పరీక్షించి తోసిపుచ్చిన ఆల్ఫ్రెడ్ బట్లర్ ఆంగ్లేయులు.

ఇక కష్టమైన సంగతి. మన పక్షాన మనం నిలబెట్టే ప్రధాన సాక్షి నికియు బిషప్ జాన్, ఏడవ శతాబ్దపు ఈజిప్టు క్రైస్తవుడు. గ్రంథాలయ దహనం ఊసే ఆయన చరిత్రలో లేదు. అయితే మూలప్రతి నశించి, ఇథియోపియా ప్రాచీన భాష గీజ్‌లోని అనువాదమే మనకు దక్కింది. అందులోనూ లోపించిన భాగాలున్నాయి, కనుక ఆ మౌనాన్ని మరీ గట్టిగా పట్టుకోలేము. అమ్ర్ చర్చిల ఆస్తిని ముట్టుకోలేదని రాసిన ఆ కలమే, నికియు పట్టణంలో అరబ్బు సైన్యం స్త్రీలను, పిల్లలను సైతం విడువక చంపిందని రాసింది. మన కరపత్రాల్లో మొదటి మాట ఉంటుంది, రెండవది ఉండదు. ప్రత్యర్థుల పుస్తకాల్లో తారుమారు. వచ్చే ముద్రణలో రెండింటినీ పక్కపక్కన అచ్చువేయమని మన ప్రచురణ సంఘాన్ని కోరుతున్నాను.