వేలు కదిలితే ఏం కనిపిస్తుంది?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

"స్కానింగులు చేస్తావట, ఏం చూస్తావే?" అని పొద్దుటి నుంచి నలుగురు అడిగారు. అందరికీ ఒకేసారి చెప్పేస్తాను.

మనిషిని ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి, కుడిచేతి వేళ్లు ముడవమంటాం, చాపమంటాం. మెదడులో ఎడమవైపు ఒక చోటు వెలుగుతుంది. ఆ వెలుగు కంప్యూటర్లో మేం వేసిన రంగే. పనిచేసే చోటికి రక్తం ఎక్కువగా వస్తుంది. ఆక్సిజన్ ఉన్న రక్తానికీ, లేనిదానికీ అయస్కాంత గుణం వేరు. ఆ తేడాను ఎమ్మారైతో పట్టవచ్చని 1990లో సెయిజీ ఒగావా చూపించారు. వేలు కదిలిన ఐదారు సెకన్లకు గాని ఆ రక్తం పూర్తిగా పుంజుకోదు. బండి వెళ్లిపోయాక లేచిన దుమ్మును చూసి దారి చెప్పడం లాంటిదే మా పని.

మెదడు కంటే నన్ను ఎక్కువ సతాయించేది వెన్నుపాము. పొడవు దాదాపు 45 సెంటీమీటర్లు, మందం చిటికెన వేలంత. చుట్టూ ఎముక, దగ్గర్లో ఊపిరితిత్తుల్లో గాలి. రెండూ బొమ్మను వంకర చేస్తాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా అది కాస్త కదులుతుంది కూడా. అలాగని దాన్ని ఉత్త తీగ అనుకుంటే అన్యాయం. మోకాలి చిప్ప కింద డాక్టరు సుత్తితో తడితే కాలు ఎగరడానికి మెదడు అనుమతి అక్కర్లేదు, వెన్నుపామే చూసుకుంటుంది. హెడ్మాస్టారు లేనప్పుడు క్లాస్ లీడరు బడి నడిపినట్టు. మన బడిలో అలా ఎప్పుడూ జరగలేదనుకోండి!

పక్షవాతం వచ్చినవాళ్ల ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: "చెయ్యి మళ్లీ వస్తుందా అమ్మా?" మెదడు నుంచి కిందికి దిగే నాడుల కట్ట ఎంత మిగిలిందో మరో రకం ఎమ్మారైతో అంచనా వేస్తాం. ఆ నాడుల వెంట నీటి అణువులు ఎటు కదులుతున్నాయో అది కొలుస్తుంది. కట్ట బాగుంటే ఆశకు బలం. బాగా దెబ్బతింటే, బొత్తాం పెట్టుకోవడం లాంటి సన్నపనులు కష్టమని చెప్పాల్సి వస్తుంది. ఆ మాట చెప్పడం ఇప్పటికీ నాకు అలవాటు కాలేదు. అయినా బొమ్మ ఒక్కదాన్నే నమ్మను. మంచం దగ్గరికెళ్లి భుజం ఎత్తగలరా, వేళ్లు చాపగలరా అని చూస్తాను. మొదటి రెండు మూడు రోజుల్లో ఆ రెండూ కాస్తయినా వస్తే చాలామందికి చెయ్యి బాగానే తిరిగొస్తుంది.

ఎవరికైనా మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగకండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. మనిషి చివరిసారి బాగున్నది ఎన్ని గంటలకో డాక్టరుకు చెప్పండి. లెక్క అక్కడి నుంచే.