గండి పడకమునుపే కట్ట పదిలము



కాలువకట్టలో ఎండ్రకాయ చేసిన బొరియ చిన్నదే. తట్టెడు మట్టితో దానిని పూడ్చవచ్చును. నేడు రేపని ఊరకున్నచో నీరే ఆ బొరియను వెదకికొని గండిగా మార్చును. ఆ గండి ఒక్కని పొలముతో ఆగదు. నాగార్జునసాగరు కుడికాలువకు 1967 ఆగస్టు 4వ తేదీన నీరు విడిచిన నాటినుండి దాని క్రింద సేద్యము చేయుచున్న పల్నాటి రైతుకు ఈ మాట ఒకరు చెప్పనక్కరలేదు. ఈనాడు ఇంటింట, కార్యాలయమున, గ్రంథాలయమున చేరిన కంప్యూటరు విషయమును అట్టిదే.

కంప్యూటరును నడపు ఆజ్ఞల సముదాయమునకు సాఫ్టువేరని పేరు. అది మనుష్యులు వ్రాసినది. లక్షలకొలది పంక్తులు గలది. అందు తప్పులు దొరలుట సహజము. ఆ తప్పులలో కొన్ని దొంగకు త్రోవలగును. తప్పు బయటపడినప్పుడు తయారుచేసినవారు దానిని సవరించి, ఆ సవరణను ఇంటర్నెట్టు ద్వారా ఉచితముగా పంపుదురు. దానినే అప్‌డేటు అందురు. దానిని స్వీకరింపని యంత్రమున త్రోవ తెరచియే యుండును. అంతేకాదు, సవరణను చూచి తప్పు ఎచ్చట నున్నదో దొంగయు గ్రహించును. కావున సవరణ వెలువడిన పిదప ఆలస్యము మునుపటికంటె ప్రమాదకరము.

ఇందుకు తెలుగుదేశమున జరిగినదే నిదర్శనము కలదు. విండోసు సాఫ్టువేరులో, ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు దస్త్రములు పంచుకొను భాగమున ఒక లోపముండెను. మైక్రోసాఫ్టు సంస్థ 2017 మార్చి 14న దానికి సవరణ విడుదల చేసినది. ఏప్రిలులో ఆ లోపమును వాడుకొను ఉపాయము బహిర్గతమైనది. మే 12న ‘వన్నాక్రై’ అను దుష్ట సాఫ్టువేరు ప్రపంచముపై పడినది. అది యంత్రములోని దస్త్రములకు తాళము వేసి, తాళము తీయుటకు మూడువందల డాలర్లు కోరెడిది. ఎవరును దేనిని నొక్కనక్కరలేకయే అది ఒక యంత్రమునుండి ప్రక్క యంత్రమునకు ప్రాకెడిది. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు చిక్కినవి. ఇంగ్లండులో ఆసుపత్రులు శస్త్రచికిత్సలను వాయిదా వేసికొనవలసివచ్చెను. ఆంధ్రప్రదేశమున చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాలలో పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాతబడినవి. పల్నాడు అప్పటికి గుంటూరు జిల్లాలోని భాగమే. నరసరావుపేట కేంద్రముగా ప్రత్యేక జిల్లా యైనది 2022 ఏప్రిల్ 4న.

ఇందు గమనింపవలసినది ఒక్కటే. రోగము వచ్చుటకు రెండు మాసముల ముందే మందు వచ్చినది. చిక్కిన యంత్రములలో అత్యధికము విండోసు 7 కలవి. వానికి మార్చి సవరణ అందుబాటులో నుండినదే. మందు లేక కాదు, వేసికొనక చెడినవి.

ఏల వేసికొనరు? కారణములు లేకపోలేదు. సవరణ దిగుమతికి ఫోనులోని డేటా ఖర్చగును. యంత్రము మరల మొదలగుటకు సమయము పట్టును. విద్యార్థి పరీక్షకు దరఖాస్తు నింపుచుండగా ఆ ప్రకటన వచ్చిన ‘తరువాత’ అని నొక్కుట సహజమే. ఆ ‘తరువాత’ ఎన్నడును రాకపోవుటయే చిక్కు. దొంగప్రతి సాఫ్టువేరు వాడువారు పట్టుబడుదుమను భయముతో సవరణలనే ఆపివేయుదురు. వారు లోపల గడియ తీసి నిద్రించువారితో సమానులు.

చేయవలసిన పని కష్టమైనది కాదు. మైక్రోసాఫ్టు సవరణలు సాధారణముగా ప్రతి మాసమున రెండవ మంగళవారము వెలువడును. భారతదేశమున అప్పటికి రాత్రి. కావున మరునాటి బుధవారము ఒక అరగంట దానికై కేటాయింపవచ్చును. ఫోనులోను, బ్రౌజరులోను సవరణలు తమంతట వచ్చునట్లు అమర్చుకొనవలెను. విండోసు 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. అట్టి యంత్రమును క్రొత్త విండోసుకు మార్చవలెను. మారని పాత యంత్రమునకు ఉచితముగా లభించు లినక్సు ఒక మార్గము.

అయితే ‘మీ యంత్రమునకు వైరసు పట్టినది, వెంటనే ఇచ్చట నొక్కుడు’ అని తెరపై వెలయు ప్రకటన సవరణ కాదు, వల. వాట్సాప్‌లో వచ్చు అపరిచితమైన ఏపీకే దస్త్రమును అట్టిదే. నిజమైన సవరణను యంత్రములోని సెట్టింగులనుండియే కోరవలెను. సవరణ లేని లోపములును ఉండును గనుక, ముఖ్యమైన దస్త్రముల నకలు వేరొక డిస్కులో దాచి, దానిని యంత్రమునుండి విడదీసి యుంచవలెను.

గ్రంథాలయమునందలి యంత్రము ఒక్కరిది కాదు. ఒక పాఠకుని పెన్‌డ్రైవు ఉదయము నెట్ సెంటరులో, మధ్యాహ్నము గ్రంథాలయములో, సాయంత్రము మరియొక ఇంటిలో ఉండును. పుస్తకముల పట్టిక, సభ్యుల వివరములు, ఏండ్ల శ్రమతో చేర్చిన గ్రామచరిత్ర పత్రములు ఒక్క రాత్రిలో తాళముపడిన మరల సమకూర్చుట ఎవరి తరము? పుస్తకమును చెదలనుండి కాపాడుట గ్రంథపాలకుని ధర్మమైనట్లే, యంత్రమును సకాలమున సవరించుట నేటి ధర్మము. ఈ రజతోత్సవ వేళ ఆ పనికి ఒక మనిషిని, ఒక దినమును నిర్ణయించినచో ఈ సభ సార్థకమగును.