కుంటలో చేప, గట్టున కూర, పాకలో గేదె



మన పల్నాడులో మిరప, పత్తి వేసిన ఇంట్లో ధర ఉంటే పండగ, పడిపోతే అప్పు. ఒక్క పంటనే నమ్ముకుంటే ఇంతే. అందుకే ఈ ఏడాది మన సమావేశాల్లో ఉపాధి హామీ పనిలో తవ్విన పంట కుంటల గురించి ఎక్కువగా మాట్లాడుకున్నాం.

పాకలోని పేడ కొద్దికొద్దిగా కుంటలో వేస్తే నీళ్లలో నాచు, సన్నపురుగులు పెరుగుతాయి. అవే చేపలకు మేత. పైనీళ్లలో బొచ్చె, నడిమి నీళ్లలో శీలావతి, అడుగున ఎర్రమోసు తింటాయి. ఒకదాని తిండికి ఇంకొకటి పోటీ రాదు. గట్టు మీద వంగ, బెండ, మునగ, గేదెలకు పశుగ్రాసం పెంచుకోవచ్చు. వేసవిలో తీసిన పూడిక చేనుకు ఎరువు. దీన్నే సమీకృత వ్యవసాయం అంటున్నారు. పది సెంట్ల కుంటకు 200 పిల్లలు చాలు. ఆశపడి ఎక్కువ వదిలితే ఏదీ ఎదగదు.

అయితే మూడు జాగ్రత్తలు మరవకూడదు.

మొదటిది నీళ్లు. సాగర్ కుడికాలువ కింద నల్లరేగడిలో నీళ్లు నిలుస్తాయి, రాతినేలల్లో ఇంకిపోతాయి. ఆరేడు నెలలే నిలిచేచోట వేలెడు పిల్లలు కాదు, జానెడు పిల్లలు వదిలి, కుంట ఎండకముందే పట్టేయాలి.

రెండోది పేడ. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే నీళ్లలో గాలి చాలడం లేదని అర్థం. వెంటనే పేడ ఆపి, కొత్తనీళ్లు పెట్టాలి.

మూడోది పురుగుమందు. మిరపకు, పత్తికి కొట్టే పైరెత్రాయిడ్ మందులు చేపకు కొద్దిగా తగిలినా విషమే. మనలో ఒక చెల్లెలి కుంట పక్కచేలో మందు కొట్టిన మర్నాడు వాన పడింది. తెల్లారేసరికి చేపలన్నీ తేలిపోయాయి. చేపలు పోయాయిగానీ గ్రూపు అప్పు పోలేదు. వాయిదాలు ఆమే కూలికెళ్లి కట్టింది.

అందుకని మనం ఒక మాట అనుకున్నాం. చేపల కుంటకు అప్పు తీర్మానం రాసేముందు ఇద్దరు సభ్యులు వెళ్లి చూడాలి. నీళ్లు ఎన్ని నెలలుంటాయి? పైచేల నీళ్లు లోపలికి వస్తాయా? వస్తుంటే ముందు గట్టు ఎత్తు చేయించి, కాలువ మళ్లించాకే పిల్లలు వదలాలి. డబ్బా కడిగిన నీళ్లు కూడా కుంటలో పోయనివ్వకూడదు.

ఇంకో మాట. పేడ ఎత్తేది మనం, మేత వేసేది మనం. చేపలమ్మిన డబ్బు మన ఖాతాలోనే పడాలి, లెక్క మన పుస్తకంలోనే ఉండాలి.