గబ్బిలం చెవి



పొద్దుగూకి వీధి దీపాలు వెలిగే వేళ ఒకసారి తల పైకెత్తి చూడండి. కోటగిరిలోనైనా, బాన్సువాడలోనైనా, నిజాంసాగర్ కాలువ నీళ్ళు పారే ఏ ఊళ్ళోనైనా, ఆ బుగ్గల చుట్టూ పురుగులు ముసురుకొని ఉంటాయి. ఆ గుంపులోంచి పిడికెడంత నల్లని నీడ ఒకటి సర్రున దూసుకుపోతుంది. అంతలోనే మలుపు తిరిగి మళ్ళీ వస్తుంది. అది పిట్ట కాదు, చిన్న గబ్బిలం. ఇవాళ దాని వేట గురించి మాట్లాడుకుందాం.

గబ్బిలమనగానే మనవాళ్ళు మొహం చిట్లిస్తారు. ఇంట్లోకొస్తే అరిష్టమంటారు, చీపురు పట్టుకొని వెంటపడతారు. గుర్రం జాషువా గారు మాత్రం 1941లో తన కావ్యానికి ‘గబ్బిలం’ అని పేరుపెట్టి, గుడి గడప తొక్కనివ్వని మనిషి గోడును శివుడికి చేరవేసే పని దానికే ఒప్పజెప్పారు. దాన్ని గుడిలోకి రావద్దనేవారెవరు!

ముందు ఒక సంగతి విడదీసి చెప్పుకోవాలి. మర్రిచెట్టుకో చింతచెట్టుకో తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలాలు వేరు. అవి పండ్లు తింటాయి. కంటితో చూసి, వాసన పట్టి దారి వెతుక్కుంటాయి. నేను చెప్పేది పాత ఇళ్ళ వాసాల్లో, గోడ పగుళ్ళలో దాగే చిన్నవాటి సంగతి. వీటికీ కళ్ళున్నాయి. కాకపోతే చీకట్లో వేటకు చెవే ఆధారం.

ఈ మాట తేలడానికి నూట నలభై ఏళ్ళకు పైగా పట్టింది. ఇటలీలో స్పలంజానీ అనే శాస్త్రజ్ఞుడు 1793లో గబ్బిలాలను పరీక్షించాడు. చూపు తీసేసినా అవి దేనికీ తగలకుండా ఎగిరాయి. (పాపం, ఆ కాలపు పరీక్షలు అంత కఠినంగానే ఉండేవి.) మరుసటి ఏడే జెనీవాలో జ్యురీన్ అనే ఆయన వాటి చెవులు మూసి చూస్తే, అడ్డమొచ్చిన ప్రతిదానికీ గుద్దుకున్నాయి. చెవితో చూడడమేమిటని అప్పట్లో చాలామంది నవ్వారు. 1938లో అమెరికాలో హార్వర్డ్ విద్యార్థి డొనాల్డ్ గ్రిఫిన్, మన చెవికందని ధ్వనిని పట్టే యంత్రం ముందు గబ్బిలాలను పెట్టాక గుట్టు బయటపడింది. నిశ్శబ్దంగా ఉన్నాయనుకున్న ఆ ప్రాణులు నిజానికి గట్టిగా అరుస్తున్నాయి!

బావిలోకి వంగి కేకేస్తే మన గొంతే మనకు తిరిగి వినిపిస్తుంది కదా, ఇదీ అంతే. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. గబ్బిలానికి 1.7 మీటర్ల దూరంలో పురుగుంటే, అరుపు పోయి తగిలి తిరిగి రావడానికి సెకనులో నూరో వంతు పడుతుంది. ఆ వ్యవధిని బట్టి దూరం, రెండు చెవులకూ అందే తేడాను బట్టి దిక్కు తెలుస్తాయి. మన చెవి సెకనుకు 20,000 కంపనాల దాకానే వినగలదు. గబ్బిలాల అరుపు చాలావరకు అంతకు పైన, కొన్నింటిది లక్ష దాటి ఉంటుంది. అంత సన్నని అరుపు ఎందుకంటారా? బొంగురు ధ్వని అలలు పొడుగ్గా ఉంటాయి, చిన్న పురుగును చుట్టుకొని ముందుకు పోతాయి. 50,000 కంపనాల ధ్వని అల సెనగగింజంతే ఉంటుంది, కాబట్టి చిన్న దోమకు తగిలినా వెనక్కి వస్తుంది.

వెతికేటప్పుడు సెకనుకు పది అరుపులు అరిచే గబ్బిలం, పురుగు జాడ దొరకగానే జోరు పెంచి, చివరి క్షణంలో నూటయాభై దాటిస్తుంది. అప్పుడు తోకకూ కాళ్ళకూ మధ్య ఉన్న చర్మాన్ని దోసిలిలా పట్టి, పురుగును అందులో వేసుకొని నోటికి అందించుకుంటుంది. తన అరుపుకు తనకే చెవుడు రాకుండా, అరిచిన ప్రతిసారీ చెవి లోపలి చిన్న కండరం బిగుసుకొని, వెంటనే సడలుతుంది.

పురుగులూ ఊరికే చావవు. కొన్ని జాతుల చిమ్మటలకు ఒంటి పక్కల చెవులున్నాయి. ఒక్కో చెవిలో గబ్బిలం కూత వినే నరకణాలు రెండంటే రెండే. దూరంగా వినిపిస్తే పక్కకు తప్పుకుంటాయి. దగ్గరపడితే రెక్కలు ముడిచి దబ్బున కింద పడతాయి. టైగర్ చిమ్మటల్లో ఒక జాతి ఎదురు టిక్కుటిక్కుమని, వచ్చే ప్రతిధ్వనిని చెడగొడుతుందని 2009లో అమెరికాలో రుజువు చేశారు.

ఇక మన వరి మళ్ళ మాట. నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ మనమే కాబట్టి, తెల్లకంకి కనబడితే గుండె ఎలా కలుక్కుమంటుందో మీకు చెప్పనక్కర్లేదు. మొగిపురుగు రెక్కల దశలో రాత్రులే ఎగురుతుంది. స్పెయిన్ దేశంలో ఎబ్రో నది వరి పొలాల్లో గబ్బిలాలకు చెక్కపెట్టెలు కట్టి చూస్తే, ఆ జాతి పురుగే బాగా అదుపులోకొచ్చింది. థాయ్‌లాండ్‌లో ఒక్క జాతి గబ్బిలాలు వరి దోమను తిని ఏటా సుమారు 2,900 టన్నుల ధాన్యం కాపాడుతున్నాయని 2014లో అంచనా కట్టారు. గబ్బిలాలుంటే మందే కొట్టనక్కర్లేదని నేననను. డబ్బా మందుకు లెక్క ఉంది, ఈ రాత్రి కూలీకి లెక్క లేదు, అంతే నా బాధ.

చోటు పోతే జాతే పోతుంది. తెలుగువాళ్ళు బాగా ఉన్న కోలారు జిల్లాలో, హనుమనహళ్ళి దగ్గర ఒకే ఒక గుహలో బతుకుతున్న ఆకుముక్కు గబ్బిలముంది. నోటితో కాక ముక్కుతో అరిచే రకమది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన భార్గవి, చేల్మల శ్రీనివాసులు దంపతులు దాని మీద పని చేశారు. అవి రెండు వందలు కూడా ఉండవని తేలింది. చుట్టూ గ్రానైటు రాయి తవ్వడమే వాటికి ముప్పు. మన ఊళ్ళలో పాత మిద్దెలు కూల్చి స్లాబు వేసుకునేటప్పుడు కూడా, వాసాల్లో పిల్లలున్న కాలమైతే నాలుగు వారాలు ఆగండి. పొగపెట్టి చంపకండి.

ఎప్పుడైనా అర్రలోకొస్తే భయపడొద్దు. మీ జుట్టులో చిక్కుకోవడానికి రాలేదది, పురుగు వెంట వచ్చింది. ఫ్యాను ఆపి, దీపం ఆర్పి, కిటికీ బార్లా తెరిచి, పిల్లల్ని బయటికి తీసుకుపోండి. కాసేపట్లో తనే పోతుంది. కింద పడి ఉంటే మాత్రం ఉత్త చేత్తో ముట్టుకోవద్దు, కొన్ని దేశాల్లో గబ్బిలాల వల్ల రేబిస్ సోకింది. మందమైన గుడ్డతోనో, డబ్బా బోర్లించి కింద అట్ట జొనిపో ఎత్తి, చెట్టు మొదట్లో కాకుండా ఎత్తయిన కొమ్మ మీద పెట్టండి. నేల మీంచి ఎగరడం వాటికి కష్టం. కరిస్తే సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్ళండి.